తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్: మొదటి డోసు దగ్గర తప్పితే ఏమవుతుంది? ఒక కేస్ స్టడీ

రోగి వయసు 19, బరువు 60 కిలోలు. హైదరాబాద్ శివార్లలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడు. మొటిమలు మూడేళ్లుగా ఉన్నాయి. గడ్డలు పగిలి రక్తం కారడం మాత్రం గత పది రోజుల్లో మొదలైంది. వీపు మీది పుండ్లకు బనీను అంటుకుపోతోంది, విప్పేటప్పుడు మళ్లీ రక్తం వస్తోంది. వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు.

ఇది అచ్చంగా ఒక్క మనిషి కథ కాదు. ఒకే దారిలో నడిచే కేసుల వివరాలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కూర్చినది. డోసులు, లెక్కలు, పరీక్షల క్రమం ప్రాక్టీసులో వాడేవే.

వచ్చేసరికి ఉన్న పరిస్థితి

రెండు చెంపల మీద, దవడ అంచున అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా గట్టి గడ్డలు ఉన్నాయి. కొన్నిచోట్ల రెండు గడ్డలు చర్మం కింద సొరంగంలా కలిసిపోయాయి, ఒకదాన్ని నొక్కితే పక్కదాంట్లోంచి చీము వస్తోంది. ఛాతీ మధ్యలో, వీపు పైభాగంలో రక్తం కలిసిన నల్లటి పక్కులు, వాటి కింద పుండ్లు. నుదుటి మీద, చెవుల వెనక మూసుకుపోయిన పెద్ద తెల్లమొటిమలు. చర్మాన్ని వేళ్లతో సాగదీసి చూస్తేనే అవి కనబడతాయి. ఈ తెల్లమొటిమల సంగతి గుర్తుంచుకోవాలి, కథంతా వాటితోనే ముడిపడి ఉంది.

జ్వరం లేదు. కీళ్ల వాపు లేదు. కాలర్ ఎముకనూ రొమ్ము ఎముకనూ గట్టిగా నొక్కి చూస్తే నొప్పి లేదు. తెల్లకణాలు 11,800, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ 34, లివర్ ఎంజైములు మామూలుగా ఉన్నాయి, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు 132.

మందుల చరిత్ర తీస్తే మూడు విషయాలు తేలాయి. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వారానికి మూడు రోజుల చొప్పున రెండు మూడు సార్లు వాడాడు. డాక్సీసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు మొదలుపెట్టి మూడు వారాలకే మానేశాడు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడితే తప్ప ఆ మందు పనిచేసిందో లేదో చెప్పలేం. ముఖానికి ఐదు నెలలుగా రాస్తున్న క్రీమ్‌లో మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. "తెల్లబడతావు, మొటిమలూ పోతాయి" అని ఎవరో చెబితే కొన్నాడు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను 2018లోనే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం ఆగిందా అంటే, ఈ కేసే జవాబు.

నాలుగో విషయం అడగ్గా అడగ్గా బయటపడింది. రూమ్మేట్ వాడుతున్న చీటీ ఫోటో చూపించి ఐసోట్రెటినోయిన్ 20 మిల్లీగ్రాముల గోళీలు కొన్నాడు. రోజుకు రెండు చొప్పున 18 రోజులు మింగాడు. రూమ్మేట్‌కు అదే మందు, అదే డోసు బ్రహ్మాండంగా పనిచేసింది. తేడా ఎక్కడంటే, ఆ చీటీ రూమ్మేట్ చికిత్స నాలుగో నెలలో రాసింది. అతను తక్కువ డోసుతో మొదలై మెట్టుమెట్టుగా 40కి చేరాడు. ఇతను 40తో మొదలెట్టాడు.

పడకపోవడం కాదు, ఎలర్జీ కాదు

ఇంట్లోవాళ్లు "మాత్ర వేడి చేసింది, పడలేదు" అనుకున్నారు. అంతకు ముందు చూసిన ఒక క్లినిక్‌లో ఇన్ఫెక్షన్ అనుకుని ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. తగ్గే అవకాశమూ లేదు.

ఐసోట్రెటినోయిన్ విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు. అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. మొటిమ పుట్టడానికి కావలసిన నాలుగు కారణాల మీదా, అంటే నూనె, రంధ్రం మూసుకుపోవడం, బ్యాక్టీరియా, వాపు మీద పనిచేసే మందు ఇదొక్కటే. చర్మంలోని నూనెగ్రంథులను కుదించేస్తుంది. పూర్తి డోసు మీద ఆరు వారాల్లో నూనె ఊరడం 90 శాతం దాకా పడిపోవచ్చు. అయితే ఆ మార్పు నెమ్మదిగా రావాలి. పైన చెప్పిన మూసుకుపోయిన పెద్ద తెల్లమొటిమలు చర్మం కింద గట్టిగా నిండిన సంచులు. ఎక్కువ డోసు ఒక్కసారిగా పడితే వాటి గోడలు వదులై, లోపలి సరుకు పైకి రాకుండా చర్మం లోపలి పొరలోకి చిట్లుతుంది. శరీరం దాని మీద విరుచుకుపడుతుంది. పుండ్లు, రక్తం, పక్కులు ఆ దాడి ఫలితమే.

దీన్ని అక్నే ఫల్మినాన్స్ అంటాం. జ్వరం, కీళ్ల నొప్పులు, ఎముకల్లో నొప్పి కూడా ఉంటే పూర్తి రూపం. అప్పుడు ఆస్పత్రిలో చేర్చాల్సి రావచ్చు. ఈ కుర్రాడిది అవి లేని రూపం, మందు వల్ల వచ్చినది. ఎవరికి ఎక్కువగా వస్తుందో ముందే అంచనా వేయవచ్చు: పదమూడు నుంచి ఇరవై రెండేళ్ల మధ్య మగపిల్లలు, ఛాతీకీ వీపుకూ పాకిన గడ్డలు, మూసుకుపోయిన తెల్లమొటిమలు చాలా ఉండటం, మొదటి రోజే పెద్ద డోసు. ఇతనికి నాలుగూ ఉన్నాయి.

మామూలుగా మందు మొదలెట్టిన మూడు నాలుగు వారాల్లో కొందరికి మొటిమలు కొంచెం పెరుగుతాయి. దాన్నీ దీన్నీ కలపకూడదు. మామూలు పెరుగుదలలో అదే తరహా మొటిమలు నాలుగైదు ఎక్కువ వస్తాయి, మందు ఆపకుండానే ఆరు నుంచి ఎనిమిది వారాలకు సర్దుకుంటుంది. పుండు పడినా, రక్తం కారినా, గడ్డ నల్లటి పక్కు కట్టినా అది మామూలు పెరుగుదల కాదు. ఆ రోజే గోళీ ఆపి రాసిన డాక్టరును కలవాలి. రివ్యూ తేదీ దాకా ఓపిక పట్టే విషయం కాదిది.

మొదటి పది వారాలు

ఐసోట్రెటినోయిన్ ఆపేశాం. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు 30 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 0.5 చొప్పున, ఉదయం టిఫిన్ తర్వాత ఒకే డోసుగా ఇచ్చాం. ముఖానికి స్టెరాయిడ్ మాన్పించి నోటి ద్వారా స్టెరాయిడ్ ఇవ్వడం తండ్రికి వింతగా తోచింది, అడిగాడు కూడా. క్రీమ్ మొటిమల్ని పైపైన అణచి, చర్మాన్ని పలుచబరిచి, మానగానే రెట్టింపుగా తెస్తుంది. ఈ మాత్రకు మొదలూ చివరా ముందే లెక్కగట్టి ఉన్నాయి, దాని పని ఆ విరుచుకుపడే వాపును ఆపడం ఒక్కటే.

స్టెరాయిడ్‌కు ముందు షుగరు, బీపీ చూశాం. రెండు వారాలు మించిన దగ్గు ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడిగాం. మన దగ్గర ఈ ప్రశ్న వదలకూడదు. ఉందంటే ఛాతీ ఎక్స్‌రే చూశాకే ప్రెడ్నిసొలోన్.

పుండ్లకు చేసినది చాలా తక్కువ. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డను పది నిమిషాలు వేసి, పక్కు మెత్తబడ్డాక దానంతట అది ఊడినంత మేరకే తీసి, పైన తెల్ల పెట్రోలియం జెల్లీ, దాని మీద అంటుకోని డ్రెసింగ్. గడ్డల్ని కోసి చీము తీయలేదు. కోస్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది, గీత జీవితాంతం ఉంటుంది. పసుపు, నిమ్మరసం, ముల్తానీ మట్టి, టూత్‌పేస్ట్ అన్నీ మాన్పించాం.

రెండు వారాలకు రక్తం ఆగింది, పక్కులు రాలాయి, పుండ్లు మూసుకోవడం మొదలైంది. అప్పుడే ఐసోట్రెటినోయిన్ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి 5 మిల్లీగ్రాములు. కిలోకు 0.1 మిల్లీగ్రాము కంటే కాస్త తక్కువ, అతను సొంతంగా మింగిన దాంట్లో ఎనిమిదో వంతు. 5 మిల్లీగ్రాముల గోళీ దొరకని ఊళ్లలో 10 మిల్లీగ్రాములది రోజు విడిచి రోజు ఇవ్వవచ్చు. రెండు మందులూ కనీసం నాలుగు వారాలు కలిసి నడవాలి. ఇక్కడ తొందరపడి ప్రెడ్నిసొలోన్ ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మేము మూడు, నాలుగు వారాల్లో 30 వద్దే ఉంచి, ఐదు, ఆరు వారాల్లో 20కి దించి, ఆ తర్వాత వారానికొక మెట్టుగా 15, 10, 5 చేసి తొమ్మిదో వారం చివర ఆపాం. జ్వరం, కీళ్ల నొప్పులు ఉన్న పూర్తి రూపమైతే ఐసోట్రెటినోయిన్ జోలికి వెళ్లకుండా ఒక్క ప్రెడ్నిసొలోనే కనీసం నాలుగు వారాలు ఇస్తాం.

ఎనిమిదో వారంలో ఒక చిక్కు వచ్చింది. వీపు బాగానే ఉంది, చెంపలు మాత్రం ఎర్రబడి మంట పుడుతున్నాయి. ఫల్మినాన్స్ తిరగబెట్టిందని భయపడి డోసులు మార్చే సందర్భం ఇదే. జాగ్రత్తగా చూస్తే కొత్త గడ్డ ఒక్కటీ లేదు. మోమెటాసోన్ క్రీమ్ మానిన తర్వాత రావలసిన ఎరుపును ఇన్నాళ్లూ ప్రెడ్నిసొలోన్ మాత్ర కప్పిపుచ్చింది, డోసు దిగుతుంటే బయటపడింది. ఏమీ మార్చలేదు. సువాసన లేని మాయిశ్చరైజరు రోజుకు మూడుసార్లు, ఎండలోకి వెళ్లేముందు సన్‌స్క్రీన్, అంతే. ఐదు వారాలు పట్టింది సద్దుమణగడానికి.

డోసు పెంచడం, మొత్తం లెక్క

ఐసోట్రెటినోయిన్‌లో రోజు డోసుతో పాటు కోర్సు మొత్తం డోసూ ముఖ్యం. కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు ఒంట్లో పడితే తిరగబెట్టే అవకాశం తగ్గుతుందన్నది చాలాకాలంగా పాటిస్తున్న కొలత. 60 కిలోల మనిషికి 7,200 నుంచి 9,000 మిల్లీగ్రాములు.

ఇతను వచ్చేముందు మింగినది 18 రోజులకు 720. మూడో వారం నుంచి నాలుగేసి వారాల చొప్పున 5, 10, 20, 30 మిల్లీగ్రాములు ఇచ్చాం. అవి వరుసగా 140, 280, 560, 840. పద్దెనిమిదో వారం చివరికి పాతదీ కలిపి 2,540. పందొమ్మిదో వారం నుంచి రోజుకు 40. ఈ లెక్కన 7,200 చేరడానికి మరో 117 రోజులు కావాలి.

మామూలు తీవ్ర మొటిమల్లో, అంటే ఫల్మినాన్స్ భయం లేని చోట, ఇంత నెమ్మదిగా వెళ్లనక్కర్లేదు. కిలోకు 0.5తో, గడ్డలు బాగా ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, ఓర్చుకున్న కొద్దీ కిలోకు 1 దాకా తీసుకెళతాం. ఐదారు నెలల్లో అయిపోతుంది. ఇతనికి దాదాపు పది నెలలు పట్టింది.

పెదాలు ఎండలేదంటే

పధ్నాలుగో వారం రివ్యూకు వచ్చినప్పుడు 20 మిల్లీగ్రాముల మీద నాలుగు వారాలు పూర్తయ్యాయి. కొత్త గడ్డలు తగ్గాయి కానీ ముఖం ఇంకా జిడ్డుగానే ఉంది. పెదాలు నున్నగా ఉన్నాయి. ఐసోట్రెటినోయిన్ చికిత్సలో పెదాలు ఎండకపోవడం శుభవార్త కాదు. తగిన డోసు మీద పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పెదాలు ఎండి పొరలు లేస్తాయి. అంతకంటే చవకైన, నమ్మకమైన రక్తపరీక్ష ఇంకొకటి లేదు. పెదాలు మామూలుగా ఉన్నాయంటే గోళీ మింగడం లేదు, లేదా మింగింది ఒంటికి పట్టడం లేదు.

గోళీలు ఎన్ని మిగిలాయో లెక్క చూస్తే సరిగ్గానే వాడుతున్నాడు. ఎప్పుడు అని అడిగితే "పొద్దున ఆరింటికి సార్, బ్లాక్ కాఫీతో, తర్వాత జిమ్" అన్నాడు. అసలు సంగతి అదీ. ఈ మందు కొవ్వులో కరుగుతుంది. కొవ్వు ఉన్న భోజనంతో తీసుకుంటే పరగడుపున తీసుకున్న దానికి రెట్టింపు దాకా రక్తంలోకి చేరుతుంది. నాలుగు ఇడ్లీలు, సాంబారు కూడా ఈ లెక్కలో భోజనం కింద రావు, వాటిలో కొవ్వు చాలా తక్కువ. హాస్టల్ మెస్‌లో ఏ పూట ఏం పెడతారో అడిగి, మధ్యాహ్నం భోజనం మధ్యలో మింగమని చెప్పాం. పప్పులో నెయ్యి, గుడ్డు కూర, గడ్డ పెరుగు, ఏదో ఒకటి ఉంటే చాలు. ఫిష్ ఆయిల్ గోళీలు, చీజు వెతుక్కోనక్కర్లేదు. పది రోజులకు పెదాలు పగిలాయని ఫోన్ చేశాడు.

మాల వేసుకునే కుర్రాళ్ల గురించి ఇక్కడే చెప్పాలి. అయ్యప్ప దీక్షలో మధ్యాహ్నం భిక్ష ఒక్కటే సరైన భోజనం కాబట్టి గోళీ దానితోనే. ఈ గోళీ పైపొర జెలటిన్, సాధారణంగా జంతువుల నుంచి తీసినది. ముందే చెప్పకపోతే దీక్షలో ఎవరో చెప్పగా తెలిసి, మాకు చెప్పకుండా మానేస్తారు. మానాలనుకుంటే 41 రోజులు మానవచ్చు, ప్రమాదం లేదు. 40 మిల్లీగ్రాముల మీద ఉన్నవాడికి ఆ 1,640 మిల్లీగ్రాములు కోర్సు చివర కలుస్తాయి, అంతే.

ఏఎస్టీ పెరిగితే లివరేనా

పరీక్షలు ప్రతి నెలా అక్కర్లేదు. మొదట్లో ఒకసారి, డోసు పెంచాక రెండో నెలలో ఒకసారి, అవి బాగుంటే తర్వాత లక్షణాలను బట్టి. చూడవలసినవి ఏఎస్టీ, ఏఎల్టీ అనే లివర్ ఎంజైములు, పన్నెండు గంటల ఉపవాసంతో ట్రైగ్లిజరైడ్లు. ఇతనికి 40 మిల్లీగ్రాముల మీద నాలుగు వారాలయ్యాక ట్రైగ్లిజరైడ్లు 214. మెస్‌లో వేపుళ్లు, బయట బిర్యానీలు తగ్గించమన్నాం, గోళీ తగ్గించలేదు. 400 దాటితే ఆహారం కట్టడి చేసి త్వరగా మళ్లీ చూస్తాం, 500 దాటితే డోసు దించుతాం. 800 దగ్గరకొస్తే ఆపేస్తాం, అక్కడి నుంచి క్లోమం వాచే ప్రమాదం.

అదే రిపోర్టులో ఏఎస్టీ 92, ఏఎల్టీ 46. ల్యాబ్ వాళ్లు ఏఎస్టీకి ఎర్రగీత గీశారు, కుర్రాడు ఇంటర్నెట్లో వెతికి లివరు పోయిందని నిర్ణయించుకున్నాడు. ఏఎల్టీ దాదాపు మామూలుగా ఉండి ఏఎస్టీ ఒక్కటే లేస్తే ముందు కండరాల్ని అనుమానించాలి. ఏఎస్టీ కండరాల్లోనూ ఉంటుంది. ఐసోట్రెటినోయిన్ మీద ఉండి బరువులెత్తేవాళ్లలో కండరాల ఎంజైము సీపీకే బాగా పెరగడం కొత్తేమీ కాదు. రక్తం ఇచ్చిన ముందురోజు కాళ్ల వ్యాయామం చేశాడు. సీపీకే చూస్తే 1,140. మూత్రం ముదురు రంగులో రావడం లేదు, కండరాల బలహీనత లేదు. వారం రోజులు జిమ్ మాన్పించి మళ్లీ చూస్తే సీపీకే 205, ఏఎస్టీ 34. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రి. వే ప్రొటీన్ మాన్పించాం. అది మొటిమలకూ మంచిది కాదు.

లివర్ ఎంజైములు మామూలు పై హద్దుకు మూడు రెట్లు దాటితే మందు ఆపాలి. మద్యం కోర్సు అంతా వద్దు.

"వేడి చేసింది సార్"

మన దగ్గర ఈ మందును మధ్యలో మానేయడానికి పెద్ద కారణం ఈ మాటే. పెదాలు పగలడం, ముక్కులోంచి రక్తం, కళ్ల మంట, చేతుల మీద పొడిబారిన ఎర్ర మచ్చలు. ఇవన్నీ మనవాళ్ల లెక్కలో ఒళ్లు వేడి చేసిన గుర్తులే. సబ్జా గింజలు, మజ్జిగ తాగితే నష్టమేమీ లేదు, కానీ ఇది ఆ వేడి కాదు. నూనెగ్రంథులు కుదించుకుపోవడం, చర్మం పైపొర పలుచబడటం వల్ల వచ్చే పొడిదనం. ఏది ఏ వారం వస్తుందో ముందే చెప్పిన రోగి మానడు.

పెదాలకు తెల్ల పెట్రోలియం జెల్లీ గంటగంటకూ రాయాలి, జేబులో ఉండాలి. చల్లగా తగిలే మెంథాల్ లిప్‌బామ్‌లు ఇంకా ఎండబెడతాయి. ముక్కు లోపలి గోడకు రాత్రిపూట అదే జెల్లీ వేలి కొసతో. రక్తం వస్తే ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు నొక్కిపట్టి ముందుకు వంగాలి, వెనక్కి వాలకూడదు. కళ్లకు కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు కోర్సు అయ్యేదాకా కళ్లద్దాలకు మారితే మేలు. రాత్రిపూట చూపు తగ్గినట్టనిపిస్తే బండి నడపకూడదు, డాక్టరుకు చెప్పాలి. సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి మొటిమల పైపూత మందులన్నీ కోర్సు సమయంలో పక్కన పెట్టాలి.

వ్యాక్సింగ్ వద్దు, పైచర్మం ఊడివస్తుంది. తిరుపతి మొక్కు ఉంటే కోర్సు అయ్యాక తీర్చుకోవచ్చు. ఆగలేకపోతే గుండు తర్వాత టోపీ, మాయిశ్చరైజరు తప్పవు, కత్తిగాట్లు త్వరగా మానవు. గోటి పక్కన ఎర్రటి కండ పెరిగి ముట్టుకుంటే రక్తం వస్తే చూపించాలి, ఇది ఈ మందుతో వచ్చేదే.

డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు ఈ మందుతో కలిపి వాడకూడదు. రెండూ కలిస్తే మెదడు చుట్టూ ఒత్తిడి పెరగవచ్చు. తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం దానికి గుర్తులు. జలుబుకో జ్వరానికో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నానని చెప్పాలి. విటమిన్ ఎ ఉన్న టానిక్కులు, మల్టీవిటమిన్లు కూడా వద్దు.

మనసు సంగతి

పెద్ద సంఖ్యలో రోగుల్ని పోల్చి చూసిన అధ్యయనాల్లో ఈ మందు వల్ల కుంగుబాటు మొత్తంగా పెరుగుతుందని తేలలేదు. కానీ ఒక్కొక్కరిలో మందు మొదలయ్యాక మనసు చెదిరి, ఆపగానే కుదుటపడిన సందర్భాలు నమోదయ్యాయి. బ్రిటన్‌లో 2023లో, 18 ఏళ్లలోపు వారికి ఇది మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు ఒప్పుకోవాలన్న నియమం పెట్టారు. లైంగిక సమస్యల గురించి ముందే చెప్పాలన్న నియమమూ వచ్చింది. మేము ప్రతి రివ్యూలో నిద్ర, ఆకలి, చదువు మీద ధ్యాస, చచ్చిపోవాలనే ఆలోచన గురించి నేరుగా అడుగుతాం. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. హాస్టల్ పిల్లల విషయంలో ఇంట్లో ఒకరికి, రూమ్మేట్లలో ఒకరికి ఈ సంగతి తెలిసి ఉండాలి, మార్పు ముందు కనిపెట్టేది వాళ్లే. ఇతనికి స్టెరాయిడ్ మొదటి వారంలో నిద్ర పట్టలేదు. తర్వాత సర్దుకుంది.

ఇదే మందు ఆడపిల్లకు రాయాల్సి వస్తే

ఈ కేసు మగపిల్లవాడిది కాబట్టి పైన రాలేదు, కానీ ఈ మందు గురించి రాసి ఇది రాయకపోతే ఆ రాత అసంపూర్తి. గర్భంతో ఉన్నప్పుడు తక్కువ డోసు, కొద్ది రోజులు తీసుకున్నా బిడ్డ చెవులు, ముఖం, గుండె, మెదడు దెబ్బతినవచ్చు. గర్భం నిలిచిన వారిలో 20 నుంచి 35 శాతం మంది బిడ్డలకు పెద్ద లోపాలు వచ్చాయి. మందుకు నెల ముందు నుంచి, వాడినంతకాలం, ఆపాక మరో నెల గర్భం రాకూడదు. మొదలుపెట్టే ముందు రెండు ప్రెగ్నెన్సీ పరీక్షలు నెగటివ్ రావాలి, గోళీ నెలసరి రెండో మూడో రోజు మొదలవ్వాలి, తర్వాత నెలనెలా పరీక్ష. అమెరికాలో 2006 నుంచి ఐప్లెడ్జ్ పేరుతో రోగి, డాక్టరు, మందుల దుకాణం ముగ్గురూ నమోదైతే తప్ప గోళీ చేతికి రాదు. మన దగ్గర అలాంటి గేటు లేదు, కాబట్టి ఆ పని చీటీ రాసేవాళ్ల మీదే పడుతుంది.

"పెళ్లి కాని పిల్లకు ఆ పరీక్షలెందుకు" అని తల్లి చిన్నబుచ్చుకోవడం ప్రతి డాక్టరుకూ తెలిసిన ఇబ్బందే. అమ్మాయితో ఒంటరిగా ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఈ చీటీ రాయకూడదు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ముహూర్తం ఎప్పుడో కూడా అడగాలి. కోర్సు మధ్యలో పెళ్లి పడుతుందంటే పెళ్లికి నెల ముందే అయిపోయేలా లెక్క వేసుకోవాలి, లేదా వేరే మందు చూడాలి. వాడే మగవాళ్లకు మాత్రం ఈ భయం లేదు, వీర్యంలోకి వెళ్లేది అత్యల్పం. ఇక అసిట్రెటిన్ అనే సోరియాసిస్ మందు పేరుకు దగ్గరగా ఉంటుంది, దాని తర్వాత మూడేళ్లు గర్భం వద్దు. ఈ రెంటినీ కలగలిపి "మూడేళ్లు పిల్లలు పుట్టరట" అని భయపడి మంచి మందును వదులుకున్నవాళ్లున్నారు. ఐసోట్రెటినోయిన్ నెల రోజుల్లో ఒంట్లోంచి పోతుంది, పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీయదు.

కోర్సు ముగింపు

ముప్పై మూడో వారంలో దవడ కింద రెండు కొత్త గడ్డలు వచ్చాయి. 35వ వారం చివరికి మొత్తం 7,200 దాటింది. లెక్క ప్రకారం అక్కడ ఆపవచ్చు, ఆపలేదు. ఆ లెక్కలో బ్లాక్ కాఫీతో మింగిన వారాలు ఉన్నాయి. మింగిన మిల్లీగ్రాములు వేరు, పట్టిన మిల్లీగ్రాములు వేరు. పైగా కొత్త గడ్డ ఒక్కటీ రాకుండా ఒకటి రెండు నెలలు గడిచాకే ఆపడం మా పద్ధతి. 40వ వారం చివర ఆపాం. మొత్తం 8,700 మిల్లీగ్రాములు, కిలోకు 145.

ఆపాక కూడా ఎనిమిది వారాల పాటు చర్మం బాగుపడుతూనే ఉంటుంది, అందుకే రెండో కోర్సు గురించి ఆలోచన ఆలోపు వద్దు. కొందరికి తిరగబెడుతుంది, చిన్న వయసులో మొదలైన, ఛాతీ, వీపు నిండా ఉన్న కేసుల్లో ఎక్కువ. పొడిదనం పోయాక, నెల తర్వాత, అడాపలీన్ 0.1 శాతం జెల్ రాత్రిపూట బఠాణీ గింజంత మొదలుపెట్టాం. కనీసం ఏడాది. కాలేజీలో రక్తదాన శిబిరం ఉంటే ఆపిన నెల తర్వాతే ఇవ్వాలి. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో తెలియదు.

మచ్చల దగ్గర ఆశ ఎంత పెట్టుకోవాలో రోగికి మొదటి రోజే చెప్పాం. ఐసోట్రెటినోయిన్ కొత్త మచ్చలు పడకుండా ఆపుతుంది, పడినవి చెరపదు. చామనఛాయ, నలుపు చర్మాల్లో మొటిమ మానిన చోట మిగిలే నల్లమరక గుంట కాదు, ఆరు నుంచి పన్నెండు నెలల్లో సన్‌స్క్రీన్ వాడితే చాలావరకు తేలిపోతుంది. చెంపల మీది గుంటలకు సూదితో అడుగు తెంపే సబ్‌సిషన్, లేజర్ లాంటివి కావాలి. చర్మం పైపొరను పూర్తిగా తీసే లేజర్లకూ, రాపిడి చికిత్సకూ ఆరు నెలలు ఆగుతాం, రసాయనాలతో చర్మం పైపొర ఊడేలా చేసే తేలికపాటి పీల్స్‌కు అంత ఆగనక్కర్లేదు. ఇతని ఛాతీ మీద పుండ్లు మానిన చోట మూడు కెలాయిడ్లు, అంటే ఉబ్బి పెరిగే గట్టి మచ్చలు, లేచాయి. వాటికి ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారాలకోసారి ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. మూడు విడతలకు రెండు చదునయ్యాయి. రొమ్ము ఎముక మీది పెద్దదానికి నాలుగో విడత నుంచి 40కి పెంచాం.